నేల ఆర్కిడ్ల చుట్టూ కంచె వేయాలా, మేకల్ని రానివ్వాలా?

లెన్స్‌బాబు:
మూడేళ్లుగా ఒకే కొండవాలుకి వెళ్తున్నాను. అక్కడ గడ్డి మధ్యలో తెల్లపూల నేల ఆర్కిడ్లు, హాబెనేరియా రకం. ఆకులు నేలకి అతుక్కుని, ఎవరో కాలితో తొక్కి వదిలేసినట్టు ఉంటాయి. మొదటి ఏడు నలభై పూల కంకులు లెక్కపెట్టాను. ఈ ఆగస్టులో పదకొండే, ఫోటో పెట్టాను చూడండి. మిగతావి సగానికి కొరికేసి ఉన్నాయి, పక్కనే మేక పెంటికలు. నా మాట ఒకటే. ఆ ముక్క చుట్టూ కంచె వేసి పశువుల్ని బయటే ఆపాలి. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

చిట్టిగువ్వ:
ఆర్కిడ్లు చెట్ల మీద కదా పెరిగేది?

రిటైర్డ్ మాస్టారు:
ఎక్కువ రకాలు చెట్ల మీదే అమ్మా. ఇవి దుంప జాతి. వాన పడ్డాక లేస్తాయి, పూస్తాయి. వానలు వెళ్లాక పైభాగం ఎండిపోతుంది, దుంప నేలలో పడుకుంటుంది. ఏటా పాత దుంప ముడుచుకుపోయి పక్కన కొత్తది ఊరుతుంది.
లెన్స్‌బాబు గారూ, కంచె వేస్తే కొన్నాళ్లకి కంచే మిగులుతుంది. మేత ఆగితే గడ్డి నడుమెత్తు పెరుగుతుంది, ఆ తర్వాత తుప్పలు. నేలకి అతుక్కున్న ఆకుకి ఇక ఎండ ఎక్కడిది? బ్రిటన్‌లో 1953లో కుందేళ్లకి మిక్సోమటోసిస్ రోగం తగిలి దాదాపు అన్నీ చచ్చాయి. సుద్దనేల పచ్చికల్ని కొరికి పొట్టిగా ఉంచేవి అవే. మొదట్లో పూలు విరగబూశాయి. తర్వాత తుప్పలు కమ్మేసి చాలా చోట్ల ఆ పచ్చికలే పోయాయి.

లెన్స్‌బాబు:
చూశారా! కొరకడం ఆగితే విరగబూశాయని మీరే ఒప్పుకున్నారు.

రిటైర్డ్ మాస్టారు:
మొదటి సగం చదివి ఆగిపోయారు.

లెన్స్‌బాబు:
కంకి పోతే కాయ లేదు, కాయ లేకపోతే విత్తనం లేదు. దీనికి జవాబు చెప్పండి. కుందేళ్ల కథ వద్దు.

రిటైర్డ్ మాస్టారు:
ఆకు మేక నోటికి సరిగా అందదు. ఆకుంటే దుంప ఊరుతుంది, ఒక ఏడు కాయ లేనంత మాత్రాన మొక్క చావదు. పైగా విత్తనం రాలినంత మాత్రాన మొలవదు. అది ధూళి, లోపల తిండి నిల్వ ఉండదు. మట్టిలోని బూజు దాన్ని పట్టుకుని పోషిస్తేనే మొలక. ఫ్రాన్సులో నోయెల్ బెర్నార్ 1899లోనే దీన్ని కనిపెట్టాడు. మీరు కాపాడాల్సింది ఆ నేలని.

లెన్స్‌బాబు:
మీరు "ఒక ఏడు" అంటున్నారు. నేను మూడేళ్లు అంటున్నాను.

పచ్చతోట:
తవ్వి తొట్టిలో పెట్టుకుంటే ఈ గొడవే ఉండదుగా?

రిటైర్డ్ మాస్టారు:
తొట్టిలోకి ఆ బూజుని ఎక్కడి నుంచి తెస్తావు నాయనా.

రెక్కలు:
ఇంగ్లండులో లార్జ్ బ్లూ సీతాకోకచిలుకని జనం పట్టుకుపోతున్నారని కంచెలు వేశారు. మేత ఆగి గడ్డి పెరిగింది, నేలకి ఎండ తగ్గింది. దాని గొంగళిపురుగుని తమ పుట్టలో పెట్టుకుని పెంచే ఎర్రచీమలు పోయాయి. 1979కల్లా అక్కడ ఆ సీతాకోకచిలుకే లేకుండా పోయింది. తర్వాత బయటి నుంచి తెచ్చి వదలాల్సి వచ్చింది.

లెన్స్‌బాబు:
సీతాకోకచిలుక గురించి ఎవరడిగారండీ?

కొండవాగు:
నేను మేకల కాపరి కూతుర్ని. లెన్స్‌బాబు గారి ఫోటో పెద్దది చేసి చూశాను. కంకి పక్కన గడ్డి ఒకే వైపు పడిపోయి ఉంది. మేక అలా పడుకోదు, మనిషి బోర్లా పడుకుంటే అలా ఉంటుంది. అడ్డొచ్చిన గడ్డి పీకినట్టున్నారు కూడా, మొదళ్లు తెల్లగా కనిపిస్తున్నాయి.
మా ఊరి వాలుకి కంచె వేసి బోర్డు పెట్టారు. మా నాన్న మేకలు అమ్మేశాడు. ఇప్పుడు కార్లలో వచ్చేవాళ్లు గేటు తీసుకుని లోపలికి వెళ్తున్నారు.

లెన్స్‌బాబు:
నన్ను దొంగని చేస్తున్నారు. నాలుగు పోచలు పీకినదీ, మూడేళ్ల మేతా ఒకటేనా? మీ నాన్నగారి విషయం బాధాకరమే, కానీ రిజర్వు అడవిలో అనుమతి లేకుండా మేపడం నేరం. చట్టం చదవండి.

కొండవాగు:
చదివాను. 2006 అటవీ హక్కుల చట్టంలో మేత హక్కు కూడా ఉంది. అది మీరు చదివారా?

చిట్టిగువ్వ:
టెన్షన్ పెట్టకండి, పువ్వు గురించి మాట్లాడండి.

కొండవాగు:
పువ్వు గురించే చెప్తున్నాను. మా నాన్న వానాకాలంలో మేకల్ని కింది వాలుకి దించేవాడు కాదు. తడిలో గిట్టలు పాడవుతాయని పైన రాతి నేలకి తోలేవాడు. కింద గడ్డి ఎండాక దించేవాడు. ఆర్కిడ్ కోసం కాదు, గిట్టల కోసమే. పేరు తెలియకపోయినా ఆ తెల్లపూలు మాకు ఏటా కనిపించేవి.

రిటైర్డ్ మాస్టారు:
అంటే పూతప్పుడు మేత లేదు, దుంప నిద్రపోయాక మేత ఉంది. ఇది నాకు తట్టనే లేదు.

లెన్స్‌బాబు:
బాగుంది. మరి నా వాలులో ఆగస్టులో మేకలేం చేస్తున్నాయి?

కొండవాగు:
పైకి ఎప్పుడైనా ఎక్కారా? పైన కంచె ఉందా?

లెన్స్‌బాబు:
ఉంది. రెండేళ్ల కిందట వేశారు, ప్లాంటేషన్ కంచె. దానికీ దీనికీ ఏంటి సంబంధం?

కొండవాగు:
వానాకాలంలో ఆ మేకలు ఎక్కడికెళ్లాలి మరి?

రెక్కలు:
🙏

లెన్స్‌బాబు:
నా అభిప్రాయం మారలేదు. కనీసం ఆ పదకొండు కంకులకి కాయలు పగిలేదాకా ముళ్లకంప అడ్డం పెట్టొచ్చా? అదైనా చెప్పండి.

కొండవాగు:
ముళ్లకంప పెట్టుకోండి. ముందు అక్కడ మేపేవాళ్లతో ఒక మాట చెప్పండి. బోర్డు మాత్రం పెట్టకండి.

పచ్చతోట:
తొట్టి గురించి ఇంకెవరైనా చెప్తారా?