పల్లపు మళ్ళలో చైన్ మిషన్ దిగబడకుండా చైన్‌కు ఏ మార్పులు చేయించాలి?

పద్మనాభం_పల్లం:
గోస్తనీ పక్కన చెరువు కింద మళ్ళు. కోతల వేళ తుపాను తగిలిందంటే, నీరు తీసేసినా బురద మోకాలి లోతున నిలిచిపోతుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినా వాన మన దాకా వచ్చింది, చేలు పడిపోయాయి. మా వరికోత చైన్ మిషన్‌కు 450 మి.మీ. వెడల్పు రబ్బరు చైన్ ఉంది, లగ్గులు (చైన్ బయటివైపు నేలను పట్టే గట్లు) సగం అరిగాయి. అమెరికా, కెనడాల్లో మంచుబండ్లకు (స్నోమొబైళ్ళకు) మూడంగుళాల లగ్గుల బెల్టు వేసి లోతు మంచులో నడుపుతున్నారు కదా, అలాగే మన చైన్‌కు ఎత్తు లగ్గులు బిగిస్తే పనికొస్తుందా? ఇనుప యాంగిల్ ముక్కలు కోసి బోల్టులు వేసి ఇస్తామంటున్నారు ఆటోనగర్‌లో. తెలిసినవాళ్ళు చెప్పండి.

గట్టుమీద_మెకానిక్:
తమ్ముడూ, యాంగిల్ సంగతి తర్వాత చూద్దాం. ముందు బరువు లెక్క వెయ్యి. 3,200 కిలోల మిషన్, చైన్ నేలను తాకే పొడవు 1.7 మీటర్లు అనుకుందాం. 450 చైన్ అయితే రెండు వైపులా కలిపి 15,300 చదరపు సెం.మీ. ఆనుతుంది, అంటే చదరపు సెం.మీ.కు 0.21 కిలోలు. 500 చైన్ వేస్తే 0.19కి దిగుతుంది. ఇప్పుడు ట్యాంకులో 500 కిలోల ధాన్యం నింపి చూడు: 500 చైన్ మీదే 0.22 అవుతుంది. వెడల్పు చైన్‌కు డబ్బు పెట్టి ట్యాంకు నిండేదాకా నడిపితే, పాత చైన్ మీద ఖాళీ ట్యాంకుతో నడిపినదాని కన్నా నేల మీద బరువు ఎక్కువే పడుతుంది. అందుకని పల్లపు మడిలో పావు ట్యాంకుకే గట్టు దగ్గరికి వచ్చి దించేయడం మొదటి మార్పు. దానికి పైసా ఖర్చు లేదు.

రెండోది, మడిలోకి దిగే ముందు కర్ర గుచ్చి చూడాలి. అడుగున గట్టి పొర ఎంత లోతున తగులుతుందో నాలుగైదు చోట్ల కొలవండి, ముఖ్యంగా తూము దగ్గరా మడి మూలల్లోనూ. మిషన్ పొట్టకూ నేలకూ మధ్య ఎంత ఎత్తుందో టేపు పెట్టి కొలవండి. మెత్తటి బురద లోతు ఆ ఎత్తుకు దగ్గర పడిందంటే ఏ లగ్గూ కాపాడదు. చైన్ గట్టి పొరను అందుకునేలోపే పొట్ట బురద మీద కూర్చుంటుంది, అక్కడితో చైన్ మీద బరువే ఉండదు, ఉత్తినే తిరుగుతుంది.

గాజువాక_టు_కాల్గరీ:
మంచుబండి సంగతి నేను చెబుతాను. కొండల్లో నడిపేవాటికి బెల్టు వెడల్పు 15 అంగుళాల దగ్గర, చుట్టు పొడవు 154 నుంచి 165 అంగుళాలు, లగ్గు రెండున్నర నుంచి మూడు అంగుళాలు. పొడవు పెంచేది తేలడానికి, లగ్గు పెంచేది తొయ్యడానికి. మంచుబండికి కూడా లగ్గు ఒక్కటే మార్చి ఊరుకుంటే కుదరదు. ఎత్తు లగ్గు బెల్టు పైన కప్పుగా ఉండే టన్నెల్ రేకుకు రాసుకుంటుంది, కాబట్టి బెల్టును తిప్పే పళ్ళచక్రం చిన్నది వెయ్యాలి. దాంతో గేరు నిష్పత్తి మారుతుంది, చైన్‌కేసులో (ఆ చక్రానికి ఇంజను బలం అందించే గేర్ల పెట్టెలో) పళ్ళు సరిచేసుకోవాలి. పొడవు పెంచితే బెల్టు లోపల ఆనే రైలు పట్టీలు కూడా వెనక్కి పొడిగించాలి. మరొకటి, ఆ బెల్టు ప్లాస్టిక్ పట్టీల మీద జారుతూ తిరుగుతుంది. కింది మంచు చిమ్మి మీద పడుతూ ఉంటేనే అవి చల్లగా ఉంటాయి, గట్టి దారిలో నడిపితే కరిగి అరిగిపోతాయి.

అసలు తేడా ఏమిటంటే, పొడి మంచు లగ్గుల మధ్య నిలవదు, ప్రతి చుట్టుకూ రాలిపోతుంది. మన పల్లపు బంకమట్టి రాలదు. లగ్గు ఎత్తు పెరిగేకొద్దీ సందు లోతవుతుంది, మట్టి ఇంకా గట్టిగా పట్టేస్తుంది. సందులు పూడుకుపోతే మూడంగుళాల లగ్గయినా నున్నటి బెల్టే. అక్కడి కొలతలు చూసి ఇక్కడ డబ్బు పెట్టకండి.

పద్మనాభం_పల్లం:
అంటే 500 చైన్ వేయించమంటారా? చైన్‌ను తిప్పే పళ్ళచక్రం, ఇప్పుడున్న స్ప్రాకెట్ మీదే కూర్చుంటుందా అన్నా?

గట్టుమీద_మెకానిక్:
చైన్ లోపలివైపు అచ్చు ఉంటుంది చూడు, 450×90×51 లాగా. మొదటిది వెడల్పు, రెండోది పిచ్ అంటే లింకుకూ లింకుకూ మధ్య దూరం, మూడోది లింకుల సంఖ్య. పిచ్చూ లింకులూ అవే ఉండాలి. 90ని 51తో గుణిస్తే 4,590 మి.మీ. చుట్టుకొలత. లింకు ఒకటి ఎక్కువైనా చైన్ బిగించే టెన్షన్ బోల్టు చివరిదాకా పోతుంది, తర్వాత సాగినప్పుడు బిగించడానికి మిగలదు. మధ్యలో పళ్ళ ఎత్తూ, వాటి మధ్య దూరమూ పాత చైన్ పక్కన పెట్టి సరిచూసుకో. ఒక్కో అంచున 25 మి.మీ. పెరుగుతుంది. లోపలి అంచు ఫ్రేముకూ గేరుబాక్సు కేసుకూ తగలకూడదు, మట్టి పట్టడానికి కూడా రెండు వేళ్ళ సందు మిగలాలి. బయట అంచు మడ్‌గార్డుకు రాయకూడదు. మిషన్ ఎత్తి చేత్తో పూర్తి చుట్టు తిప్పి చూడకుండా బిగించొద్దు.

వెడల్పు చైన్‌కు ఒక చెడ్డ గుణం ఉంది. రోలర్లు మధ్యలోనే ఆనుతాయి, అంచుకు ఆసరా లేదు. రాతిగట్టు మీద అడ్డంగా ఎక్కితే అంచు మడతపడి రబ్బరు చీలుతుంది. గట్టు ఎప్పుడూ తిన్నగా దాటాలి. తారురోడ్డు మీద నడపడం అసలు వద్దు, బండి మీదే తీసుకెళ్ళాలి.

ఆటోనగర్_వెల్డింగ్:
యాంగిల్ ముక్కల గురించి. బేరం పోయినా ఫర్వాలేదు, నిజం చెప్పాలి. రబ్బరు చైన్‌లో మధ్య పళ్ళకు రెండు పక్కలా పొడుగునా ఉక్కు తీగలు ఉంటాయి, లాగే బలమంతా వాటిదే. డ్రిల్ తీగ మీద పడితే ఆ రంధ్రంలోంచి నీరు దిగి తుప్పు పడుతుంది. బయటికి ఏమీ కనబడదు. ఒకనాడు మడి మధ్యలో ఫట్‌మని తెగుతుంది.

తప్పదంటే పనికిరాని పాత చైన్ ఒకటి అడ్డంగా కోసి చూడండి. తీగ వరస అంచు నుంచి ఎంత లోపల మొదలవుతుందో స్పష్టంగా కనబడుతుంది. రంధ్రం ఆ గీతకు బయటే పడాలి. లోపలివైపు బోల్టు తల రోలరు దారిలోకి రాకూడదు, కింద వెడల్పు వాషరు వెయ్యాలి. యాంగిల్ అంచు గ్రైండరుతో గుండ్రంగా తీయాలి, లేకపోతే పక్క లగ్గును అదే కోస్తుంది. రెండు చైన్లకూ ఒకే లెక్కన, ఒకే దూరంలో వెయ్యాలి, లేకపోతే మిషన్ ఒక పక్కకు లాగుతుంది. ఇన్ని జాగ్రత్తలు పడ్డా ఒక సీజను గడిపే ఏర్పాటే ఇది. లగ్గు సగం అరిగిన చైన్ మీద ఈ ఖర్చు దండగ.

చేయించాల్సింది పొట్ట కింద రేకు. అడుగున బ్రాకెట్లూ బోల్టు తలలూ బురదలో దున్నుకుంటూ పోతాయి. 3 మి.మీ. రేకు వేసి ముందు అంచును పడవ ముక్కులాగా పైకి వంచితే పొట్ట ఆనినా జారుతుంది. బరువు చదరపు మీటరుకు 23.5 కిలోలు, అందుకని మందం పెంచకండి. ఆయిల్ డ్రెయిన్ బోల్టుల ఎదురుగా రంధ్రాలు వదలాలి. రేకు పైన గడ్డి పేరుకుంటుంది, సైలెన్సరు వేడి తగిలితే అంటుకుంటుంది. కాబట్టి వెల్డింగు చేసేయకుండా బోల్టులతో బిగించి, సాయంత్రం విప్పి శుభ్రం చేసే వీలు ఉంచాలి. స్ప్రాకెట్ దగ్గర మట్టి గీకడానికి 10 మి.మీ. పట్టీ ఒకటి పెట్టించుకోండి, చక్రానికి 6 మి.మీ. సందు చాలు.

ఆనందపురం_డ్రైవరు:
టెన్షన్, అంటే చైన్ బిగువు ఎంత ఉండాలో ఎవరూ రాయలేదు. చైన్ జారిపోవడానికి మూలం ఎక్కువసార్లు అదే. మట్టి పూర్తిగా కడిగాక, చైన్ నేల విడిచేలా ఎత్తి, మధ్య రోలరుకూ చైన్‌కూ మధ్య సందు కొలవాలి. ఎంత ఉండాలో మిషన్ పుస్తకంలో ఉంటుంది, రెండు పక్కలా ఒకటే ఉండాలి. మట్టి పట్టి ఉండగా కొలిస్తే బిగువుగానే కనబడుతుంది, కడిగాక చూస్తే వదులు. అలాగని బురదకు భయపడి అతిగా బిగించకండి. స్ప్రాకెట్ పళ్ళ మధ్య మట్టి చేరిందంటే చక్రం లావైనట్టే, చైన్ ఇంకా బిగుస్తుంది. రోలరు సీళ్ళూ బేరింగులూ పోయేది అప్పుడే.

నడిపే తీరు కూడా చెబుతాను అండి. ఇంజను ఆర్‌పీఎం తగ్గించొద్దు, తగ్గిస్తే లోపల డ్రమ్ములో తడిగడ్డి ఇరుక్కుంటుంది. నడక మాత్రం హెచ్ఎస్టీ లివరుతో (ఇంజను వేగం మార్చకుండా నడక వేగం మార్చే లివరు) తగ్గించండి. ఒక చైన్ ఆపి రెండోది తిప్పే మలుపు పల్లంలో వద్దే వద్దు, ఆ ఒక్క మలుపుకే అడుగు లోతు గొయ్యి పడుతుంది. ముందుకీ వెనక్కీ జరుగుతూ కొద్దికొద్దిగా తిరగాలి. వెళ్ళిన దారిలో మళ్ళీ వెళ్ళొద్దు, చైన్ వెడల్పంత పక్కకు జరగండి.

పద్మనాభం_పల్లం:
ఒకవేళ కూర్చుండిపోతేనో? మా వైపు చైన్‌కు దుంగ కట్టి తిప్పుతారు.

గట్టుమీద_మెకానిక్:
దుంగ వద్దు తమ్ముడూ, ప్రాణం మీదికి తెస్తుంది. చైన్‌తో పాటు తిరిగి పైకొచ్చిన దుంగ ఫ్రేమునైనా కొడుతుంది, పక్కన నిలబడ్డ మనిషినైనా కొడుతుంది. పొట్ట ఆనిందని తెలియగానే చైన్ ఆపెయ్యండి, తిప్పినకొద్దీ దిగుతుంది. ధాన్యం సంచుల్లోకి దించి బరువు తీసెయ్యండి, కటరు పైకెత్తండి. చైన్ల వెనకాల, పొట్ట కింద బురద పారలతో తీసి గడ్డిమోపులూ వెదురు తడికలూ తొక్కించండి. వచ్చిన దారినే వెనక్కి లాగాలి, ముందు నేల ఎలా ఉందో ఇంకా తెలియదు కదా. తాడు వెనక కొక్కేలకే కట్టాలి, కటరుకు కడితే వంగుతుంది. లాగే ట్రాక్టరు గట్టి నేల మీద ఉండాలి. తాడు బిగుసుకున్నాక దాని పక్కనా ఎదురుగా ఎవరూ ఉండకూడదు.

ఆనందపురం_డ్రైవరు:
బయటికొచ్చాక అదే రోజు కడగండి. మట్టి ఎండితే రోలర్ల మధ్య రాయిలా గట్టిపడుతుంది, మర్నాడు చైన్ కదలగానే పక్కకు తోస్తుంది. కడిగాక ఒక్కో రోలరు చేత్తో తిప్పి చూడండి. గరగరమన్నా, పక్కన ఆయిలు జిడ్డు కనబడినా సీలు పోయినట్టే, తర్వాతి మడికి ముందే మార్పించాలి.

పద్మనాభం_పల్లం:
సరే అన్నా. యాంగిల్ ముక్కలు మానేశాను. ముందు పొట్ట రేకు, గీకుడు పట్టీ చేయిస్తాను. కొత్త చైన్ 500లో, 90 పిచ్, 51 లింకులు అడుగుతాను. లోపలి అంచుకూ గేరుబాక్సు కేసుకూ సందు రేపు కొలిచి ఇక్కడే పెడతాను, చూసి చెప్పండి.