స్కానర్ ఇస్తామంటున్నారు, మనం ఏం అడగాలి?

హన్మకొండ కౌంటర్:

నమస్తే. వరంగల్ వైపు ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పదిహేడేళ్లుగా పనిచేస్తున్నాను. ఏ యూనివర్సిటీయో రాయను, మా సార్లు కూడా ఇక్కడికి వస్తుంటారు.

పోయిన నెల యూరప్‌లోని ఒక యూనివర్సిటీ లైబ్రరీ వాళ్లతో వీడియో కాల్ అయింది. మూడేళ్ల ప్రాజెక్టులో భాగస్వాములుగా చేరమంటున్నారు. పుస్తకాల స్కానర్, సర్వర్, సిబ్బందికి ట్రైనింగ్ వాళ్లవి. గది, కరెంటు, మనుషులు మనవి. ఏం కావాలో పదిహేను రోజుల్లో రాసి పంపమన్నారు. మా పైవాళ్లు అప్పుడే నలభై కంప్యూటర్లు, ఒక స్మార్ట్ బోర్డు అని రాసేశారు. లైబ్రరీలో స్మార్ట్ బోర్డు ఎవరికోసమో నాకైతే అర్థం కాలేదు.

నా టెన్షన్ ఏంటంటే, పదేళ్ల కింద వేరే సంస్థ ఒకటి ఇలాగే సర్వర్ ఇచ్చింది. రిబ్బన్ కట్ చేశాం, పేపర్లో ఫొటో వచ్చింది. దాన్ని సెట్ చేసిన అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా అతనితోనే వెళ్లిపోయింది. తర్వాత ఏఎంసీ (ఏడాది మరమ్మతుల ఒప్పందం) అయిపోయింది, ఎవరూ రెన్యూ చేయలేదు. ఇప్పుడు మా అటెండర్ దాని మీద టిఫిన్ బాక్స్ పెట్టుకుంటాడు.

మా అసలు ఇబ్బంది మెషీన్లు కాదు. బమ్మెర మాకు పక్కనే, కానీ మా కేటలాగ్‌లో పోతన దొరకడు. ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కించారు కదా, టీ పక్కన హెచ్ ఉన్న పోతన ఒకరు, హెచ్ లేని పోతన ఒకరు, పోతనామాత్యుడు ఇంకొకరు. పిల్లలు వెతికి, లేదనుకుని వెళ్లిపోతారు. పుస్తకం మాత్రం ర్యాక్‌లోనే ఉంటుంది.

ఇక తెలుగు శాఖ థీసిస్‌లు. చాలావరకు టైపింగ్ సెంటర్లో పాత అను ఫాంట్లలో కొట్టించినవే. పీడీఎఫ్ తెరిస్తే చక్కటి తెలుగు కనిపిస్తుంది. లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ గుర్తులు, పైన ఫాంటు తెలుగు బొమ్మ తొడుగుతుంది. అందుకే 'కాకతీయ' అని వెతికితే సున్నా వస్తుంది. కాల్‌లో ఈ సంగతి చెబితే అటువైపు మేడమ్, 'మీ భాషకు యూనికోడ్ లేదా?' అని అడిగారు. ఏ కంప్యూటర్లోనైనా ఒక్కో అక్షరానికి ఒకే నంబరు ఉండేలా చేసే పద్ధతి అది. 1991 నుంచీ ఉంది మేడమ్, మా టైపింగ్ సెంటర్‌కే రాలేదు అన్నాను. ఆమె నవ్వలేదు, రాసుకున్నారు.

ఇలాంటి ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్లు చెప్పండి, ఏం అడగాలి?

రిటైర్డ్ లైబ్రేరియన్, కరీంనగర్:

అమ్మా, మన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారు అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ నుంచి నడిపిన మిలియన్ బుక్స్ అనే పుస్తకాల స్కానింగ్ ప్రాజెక్టు గుర్తుందా? 2000ల మొదట్లో మొదలైంది. అమెరికాతో పాటు చైనా, ఈజిప్టు, మనమూ ఉన్నాం. ఇక్కడ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో నడిచింది. అంత పాత తెలుగు సాహిత్యం ఇంట్లో కూర్చుని చదవగలిగింది ఆ పుణ్యం వల్లనే. కాబట్టి విదేశీ భాగస్వామ్యం అనగానే భయపడకు.

కానీ పుస్తకాల పేర్లు ఎక్కించిన తీరు చూశావుగా. తెలుగు పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. స్కాన్ చేయడానికి తొందర, పేరు సరిచూడటానికి ఓపిక లేదు. ఒక్కో పుస్తకం పట్టుకోవాలంటే ఐదారు రకాలుగా స్పెల్లింగ్ మార్చి చూడాలి. నీ పోతన కథే, కాకపోతే లక్షల పుస్తకాలకు.

ఇంకో ముచ్చట. కాపీరైట్ చిక్కులతో ఆ సైటు మూతపడింది. అప్పటికే వాటి ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరి ఉన్నాయి కనుక బతికాయి. మీరు ఏం చేసినా రెండో ప్రతి వేరే ఊళ్లో ఉండేలా ఒప్పందంలోనే రాయించండి. మన దగ్గర రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులు ఉంటాయి, అది చూసుకుని ఏవి స్కాన్ చేయాలో ముందే జాబితా రాసుకోండి. స్కానర్ వచ్చాక ఎవరూ జాబితా రాయరు, చేతికి అందింది చేస్తారు.

కోహా తిప్పలు:

అక్కా, నలభై కంప్యూటర్లు కొట్టేయించండి. మనుషుల టైమ్ అడగండి. మీ దగ్గర ఇద్దరికి వారంలో రెండు రోజులు ఇష్యూ కౌంటర్ డ్యూటీ తీసేస్తామని వీసీ సంతకంతో కాగితం కావాలి. అది లేకపోతే ట్రైనింగ్ సర్టిఫికెట్లు గోడకు, పని పాత దారికి.

సాఫ్ట్‌వేర్ కొనకండి. లైబ్రరీ కేటలాగ్ నడిపే కోహా న్యూజిలాండ్‌లో ఒక చిన్న లైబ్రరీ కోసం పుట్టింది, 2000 జనవరిలో నడక మొదలుపెట్టింది. మావోరీలో కోహా అంటే కానుక. థీసిస్‌ల లాంటి ఫైళ్లు దాచి చూపించే డీస్పేస్ 2002లో ఎంఐటీ, హెచ్‌పీ కలిసి తెచ్చాయి. రెండూ ఉచితం, రెండూ తెలుగు అక్షరాలు తీసుకుంటాయి. కేటలాగ్ రికార్డులు రాసే పద్ధతి మార్క్ 21లో 880 అనే ఫీల్డు అసలు లిపి కోసమే ఉంది. పేరు అక్కడ తెలుగులో వేసి, అన్ని పోతనలనూ ఒక అథారిటీ రికార్డు (ఒక రచయితకు ఖాయం చేసిన ఒకే పేరు) కిందకు తెండి. దీనికి స్కానర్ అక్కర్లేదు, రేపే మొదలుపెట్టొచ్చు.

అను థీసిస్‌లకు నేను చేసేది ఇది. లోపలి గుర్తులను నమ్మను. పేజీని బొమ్మగా మార్చి టెసరాక్ట్ అనే ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలు చదివే) సాఫ్ట్‌వేర్‌తో తెలుగులో చదివిస్తాను. వత్తుల దగ్గర తడబడుతుంది, వెతకడానికి మాత్రం చాలు.

స్టోరేజీ లెక్క కూడా వేసుకోండి. ఏ4 పేజీ 300 డీపీఐ రంగుల్లో, కుదించకుండా దాచితే దాదాపు 26 ఎంబీ. 300 పేజీల పుస్తకం 8 జీబీకి దగ్గర. వెయ్యి పుస్తకాలంటే 8 టీబీ, రెండో ప్రతితో 16. అటువాళ్లు పంపే సర్వర్‌లో ఎంత ఉందో అడిగారా?

పాస్‌వర్డ్ సీల్డ్ కవర్లో రిజిస్ట్రార్ దగ్గర పెట్టించండి. నవ్వకండి, మా దగ్గర అదే కాపాడింది.

ఫైనాన్స్ సెక్షన్ బాధితుడు:

డబ్బు వాళ్ల దగ్గర నుంచి నేరుగా వస్తుందా, వస్తువులుగానే వస్తుందా? డబ్బయితే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) మీకు వర్తిస్తుందో లేదో ముందు తేల్చుకోండి. రిజిస్ట్రేషన్ అవసరమైన సంస్థలకు విదేశీ డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోకే రావాలి. ఇది తేలకుండా సంతకం పెడితే మూడేళ్ల ప్రాజెక్టులో ఒక ఏడాది ఫైల్ మీదే పోతుంది. వస్తువులైతే కస్టమ్స్ ఎవరు కడతారో రాయించుకోండి.

హన్మకొండ కౌంటర్:

అందరికీ థాంక్స్. నిన్న ఒక థీసిస్ నుంచి పది పేజీలు తీసి టెసరాక్ట్‌తో చదివించాను. 'కాకతీయ' ఏడు పేజీల్లో దొరికింది, ఒకచోట 'కాకతియ' అయింది. ఆ పది పేజీలూ అటువైపు మేడమ్‌కు పంపితే సాయంత్రానికి జవాబు వచ్చింది. వాళ్ల కంప్యూటర్ విభాగం నుంచి ఒకరిని తెలుగు ఓసీఆర్ మీద ఆరు నెలలు మనతో కూర్చోబెడతారట. ట్రైనింగ్ ముగ్గురికి కాదు, ఇద్దరికే, కానీ రెండుసార్లు అని మార్పించాను.

సర్వర్ సంగతి అడిగితే 4 టీబీ అన్నారు. మీ లెక్క పంపించాను తమ్ముడూ.

కంప్యూటర్లు పన్నెండుకు తగ్గాయి. స్మార్ట్ బోర్డు జాబితాలోనే ఉంది, దాని మీద మాట్లాడే ఓపిక నాకు లేదు. కరీంనగర్ సార్, సోమవారం మీకు వీలైతే ఇటు రండి. పాత కేటలాగ్ కార్డుల డ్రాయర్లు స్టోర్‌రూమ్‌లో దొరికాయి, తెలుగు పేర్లు వాటి మీద సరిగ్గానే రాసి ఉన్నాయి.