ఇంట్లో రికార్డు చేసిన పాటలకు మిక్సింగ్ మనమే చేయాలా, బయటివారికి ఇవ్వాలా?

నాలుగోగొంతు:
మేము నలుగురం స్నేహితులం. ఏడాదిగా మాలో ఒకరి గదిలో కూర్చుని ఆరు సొంత పాటలు రికార్డు చేసుకున్నాం. మైకు శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి పంపే ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు, ఒక ల్యాప్‌టాప్, ఇదే మా సరంజామా. విడుదల చేసే సమయం దగ్గరపడేసరికి రెండుగా చీలిపోయాం. గది ఉన్న మిత్రుడే ఇంతవరకు మిక్సింగ్ (విడివిడిగా రికార్డు చేసిన గొంతులను, వాద్యాలను తగిన పాళ్ళలో కలిపే పని) చేస్తూ వచ్చాడు కాబట్టి అదే తుది రూపం కావాలని ఇద్దరు అంటున్నారు. ట్రాకులను, అంటే ఆ విడి రికార్డింగులను, బయటి ఇంజనీరుకు అప్పగించాలని మిగిలిన ఇద్దరం అంటున్నాం. అనుభవం ఉన్నవారు ఏది సరైనదో చెప్పగలరు.

గోడచెవి:
బయటికే ఇవ్వండి. ఇందులో మీ మిత్రుడి ప్రతిభకు వచ్చిన లోటేమీ లేదు, చిక్కంతా ఆ గదితోనే. 100 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు సుమారు 3.4 మీటర్లు, అంటే ఒక చిన్న గది అంత. అలాంటి తరంగాలు గోడల మధ్య చిక్కుకుని, మనం కూర్చున్న చోట ఒక స్వరాన్ని ఉబ్బించి మరొకదాన్ని దాదాపు మాయం చేస్తాయి. గది మింగేసిన బాస్‌ను, అంటే కింది స్వరాల మోతను, అసలు పాటలోనే తక్కువగా ఉందనుకుని మిక్సింగ్ చేసేవారు పెంచుతారు. తీరా ఆ పాటను కారులో పెడితే తలుపులు అదురుతాయి. గోడకు 5 సెంటీమీటర్ల ఫోమ్ అంటించి గదిని బాగుచేశామనుకునేవారిని చూస్తే నాకు జాలి వేస్తుంది. అది హెచ్చు పౌనఃపున్యాలను పీల్చుకుంటుందే తప్ప బాస్ జోలికి పోదు. 100 హెర్ట్జ్ దగ్గర గట్టిగా పనిచేయాలంటే తరంగం పొడవులో పావు వంతు, అంటే 85 సెంటీమీటర్ల మందం కావాలి. అంత పెడితే కుర్చీ వేసుకోవడానికి చోటు మిగలదు.

పాతక్యాసెట్:
పాట గురించి అడిగితే గోడచెవి గారు గోడ గురించి చెప్పారు. టియాక్ సంస్థ 1979లో పోర్టాస్టూడియో తెచ్చినప్పుడు మామూలు క్యాసెట్ మీద నాలుగే ట్రాకులు. అవి చాలకపోతే మూడింటిని కలిపి నాలుగోదాని మీదికి ఎక్కించి, ఖాళీ అయిన మూడింటి మీద మళ్ళీ రికార్డు చేసేవారు. ఒకసారి కలిపాక విడదీయడం కుదరదు కనుక, గిటారు ఎంత వినిపించాలో గొంతు ఎంత వినిపించాలో పాడుతున్నవారే అప్పటికప్పుడు తేల్చుకోవలసి వచ్చేది. ఇంటి రికార్డింగులో మిక్సింగ్ పాటను కట్టడంలో భాగంగానే పుట్టింది, కట్టిన తరువాత వేసే రంగుగా కాదు.

నా అనుభవం కూడా చెబుతాను. మా మిత్రబృందం పాటను ఒకసారి బయటికి ఇచ్చాం. మా డ్రమ్మర్ చరణంలో కావాలని కొంచెం వెనక్కి లాగి వాయించిన దెబ్బలను ఆ ఇంజనీరు సాఫ్ట్‌వేర్‌లోని తాళం గీతల మీదికి జరిపేశారు. గాయని స్వరం నుంచి స్వరానికి జారే చోట శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్ పెడితే ఆ జారుడు కాస్తా మెట్లు మెట్లుగా తయారైంది. చివరికి ఆమె ఊపిరి పీల్చుకునే చప్పుళ్ళను కూడా ఒక్కటి వదలకుండా కత్తిరించారు. తిరిగివచ్చిన పాట శుభ్రంగా ఉంది కానీ, అందులో మేము లేము.

హెడ్‌ఫోన్:
మీరు 24 బిట్లలో రికార్డు చేశారా, 16 బిట్లలోనా? అది తెలియకుండా ఈ చర్చకు అర్థం లేదు.

నాలుగోగొంతు:
24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్.

హెడ్‌ఫోన్:
96 కిలోహెర్ట్జ్ పెట్టి ఉండవలసింది.

గోడచెవి:
ఎందుకు? 48 కిలోహెర్ట్జ్ అంటే శబ్దాన్ని సెకనుకు 48 వేల సార్లు కొలవడం, అందులో సగం, అంటే 24 కిలోహెర్ట్జ్ దాకా శబ్దం నమోదవుతుంది. మనిషి చెవి 20 దగ్గరే ఆగిపోతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ముందే ఆగుతుంది. 24 బిట్ల వల్ల మాత్రం మేలు ఉంది. 16 బిట్లకు సుమారు 96 డెసిబెల్స్, 24 బిట్లకు లెక్క ప్రకారం 144 డెసిబెల్స్ వ్యాప్తి, అంటే అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య అంత తేడా, వస్తుంది. ఏ పడకగదీ అంత నిశ్శబ్దంగా ఉండదు, కానీ గాయకుడు హఠాత్తుగా గొంతు పెంచినా శబ్దం పగలకుండా స్థాయిని తగ్గించి పెట్టుకుని నిశ్చింతగా రికార్డు చేయవచ్చు.

మూగతబలా:
ఫ్యాన్ ఆపారా? మా మొదటి పాటలో మాకన్నా ఫ్యానే శ్రుతిలో ఉంది.

హెడ్‌ఫోన్:
96 పెడితే తరువాత పాట వేగం తగ్గించుకున్నప్పుడు మేలు చేస్తుంది. గోడచెవి గారు దానికి సమాధానం చెప్పలేదు.

పాతక్యాసెట్:
అంకెలు పక్కన పెడదాం. ఇంకొక భ్రమ కూడా ఉంది, బయటివారు పాటను గట్టిగా మోగేలా చేసి ఇస్తారని. స్పాటిఫై వంటి సేవలు అన్ని పాటల బిగ్గరతనాన్నీ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (బిగ్గరతనాన్ని కొలిచే ప్రమాణం) స్థాయికి తెచ్చి వినిపిస్తాయి. శబ్దంలోని హెచ్చుతగ్గులను ఎంత నలిపి పెంచినా అక్కడ తగ్గించేస్తారు, నలిగిన పాట నలిగినట్టే మిగిలిపోతుంది. గోడచెవి గారూ, నేరుగా అడుగుతున్నాను, మీరు డబ్బు తీసుకుని మిక్సింగ్ చేసేవారేనా? అయితే ఈ సలహాను మేము వేరే విధంగా చదువుకోవాలి.

గోడచెవి:
ఇప్పుడు తీసుకుంటాను, దాచవలసిన పని లేదు. అంతకుముందు ఐదేళ్ళు స్నేహితుల కోసం ఉచితంగా చేశాను. ఒక పల్లవి కోసం నలభై టేకులు తీసి, అందరూ ఇంటికి వెళ్ళాక వాటిలోంచి ఒక్కొక్క మాటను ఏరి అతికించాను. రెండో చరణం ముందు వచ్చే చిన్న వాద్యఖండం లేకపోతే పాట అక్కడ కూలిపోతుందని నేనే కట్టి వాయించాను. విడుదలైన రోజున రాసినవారి పేరు, పాడినవారి పేరు కనిపించాయి. నా పేరు ఎక్కడ అని అడిగితే "నువ్వు మనవాడివే కదా" అన్నారు. మీ గాయని ఊపిరి చప్పుడు తీసేశారని బాధపడుతున్నారు, నా ఏడాది కాలాన్ని తీసేశారు. బయటివాడికి ఇస్తే కనీసం వాడి పేరైనా రాస్తారు. మిక్సింగ్ స్నేహితుడి చేత చేయించవద్దని నేను చెప్పేది అందుకే, గది తరువాతి సంగతి.

పాతక్యాసెట్:
ఇదే మాట మొదటే చెప్పి ఉంటే నేను క్యాసెట్ల చరిత్ర తవ్వేవాడిని కాదు. అయినా మీకు జరిగిన అన్యాయానికి మందు పేరు వేయడమే, పనిని బయటికి పంపడం ఎలా అవుతుంది?

హెడ్‌ఫోన్:
వేగం తగ్గించే విషయం ఇంకా తేలలేదు.

నాలుగోగొంతు:
నేను మొదట పూర్తిగా చెప్పలేదు, క్షమించండి. గది ఉన్న మిత్రుడు ఈమధ్య పాటల స్వరకర్తల్లో తన పేరు కూడా ఉండాలన్నాడు. మిక్సింగ్ చేసినంత మాత్రాన స్వరకర్త ఎలా అవుతాడని మాలో ఇద్దరికి అనిపించింది. బయటివారు చేస్తే ఆ ప్రశ్నే రాదనుకున్నాం.

గోడచెవి:
అనుకున్నాను. స్వరరచన ఒక హక్కు, రికార్డింగ్ మరొక హక్కు. రికార్డింగుకు ఐఎస్‌ఆర్‌సీ అనే 12 అక్షరాంకాల సంకేతం వేరుగా ఉంటుంది, రచనకు ఐఎస్‌డబ్ల్యూసీ వేరు. ఫేడర్లు (ఒక్కొక్క ట్రాకు శబ్దాన్ని పెంచే, తగ్గించే మీటలు) జరిపినవారు స్వరకర్త కారన్న మాట నిజమే. కానీ ఆయన జరిపింది ఫేడర్లేనా, రాగం కూడానా అన్నది మీరు చెప్పడం లేదు.

కిందిషడ్జం:
ఆ గది నాది. ఈ చర్చ లింకును మా మూడోవాడు పంపాడు. ఐదో పాటలో బాస్ వరస నేను కట్టాను. దాని మీద మిగిలిన ముగ్గురూ పల్లవి వెతుక్కున్నారు. స్వరకర్తగా పేరు అడిగింది ఆ ఒక్క పాటకే, ఆరింటికీ కాదు. మిగిలిన ఐదింటికీ రికార్డింగ్, మిక్సింగ్ అని రాస్తే చాలన్నాను. వాటా మాట నా నోట రాలేదు. పైన మొదటి టపాలో నన్ను "గది ఉన్న మిత్రుడు" అన్నావు, సరంజామా లెక్క చెప్పేటప్పుడు మైకును కూడా మరచిపోలేదు. ట్రాకులన్నిటినీ విడివిడిగా, ఒకే బిందువు నుంచి మొదలయ్యేలా, 24 బిట్లలోనే తీసి డ్రైవులో పెట్టాను. ఎవరికి ఇచ్చుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఐదో పాట బాస్ ట్రాకు మాత్రం అందులో పెట్టలేదు.

మూగతబలా:
అది లేకుండా ఐదో పాట ఎలా ఉంటుంది?

నాలుగోగొంతు:
ఆ పాట మొదలయ్యేదే ఆ బాస్‌తో. ఒరేయ్, నీకు ఫోన్ చేస్తున్నాను, ఎత్తు.