ఐపీటీజీ వేసినా బీటా గ్లోబిన్ బ్యాండ్ రావట్లేదు, దయచేసి చూడండి

బెంచ్‌మేట్:
పొద్దున్నుంచీ దీంతోనే సరిపోయింది. మానవ బీటా గ్లోబిన్‌ని (హీమోగ్లోబిన్‌లోని ఒక ప్రొటీన్ గొలుసు) ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారు చేయించాలి. జన్యువుని పీఈటీ-28ఏ ప్లాస్మిడ్‌లో (జన్యువుని మోసే గుండ్రటి డీఎన్ఏ) పెట్టి బీఎల్21(డీఈ3) అనే ఈ.కోలై రకంలోకి ఎక్కించాను. ఓడీ (కల్చర్ చిక్కదనం) 0.6 రాగానే ఐపీటీజీ (జన్యువుని ఆన్ చేసే రసాయనం) 1 మిల్లీమోలార్, 37 డిగ్రీలు, 4 గంటలు. జెల్ మీద బీటా గ్లోబిన్ కనిపించాల్సిన 16 కిలోడాల్టన్ల దగ్గర ఏమీ లేదు. ఇండక్షన్‌కి (ఐపీటీజీ వెయ్యడానికి) ముందు లేన్, తర్వాత లేన్ ఒకేలా ఉన్నాయి. మూడుసార్లు చేశాను. సీక్వెన్సింగ్‌లో ఒక్క బేస్ కూడా తేడా లేదు. జన్యు కోడ్ సరిగ్గానే ఉంటే ప్రొటీన్ ఎందుకు రాదు?

లేన్5:
జెల్ ఎంత శాతం? 12 అయితే 15 పోయండి.

ఆర్జినైన్:
ఇది కోడాన్ల (ఒక్కో అమైనో ఆమ్లానికి గుర్తుగా ఉండే మూడేసి బేసుల) సమస్యేనండి. బీటా గ్లోబిన్‌లో ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లాలు మూడే, 30, 40, 104 స్థానాల్లో. మూడూ ఏజీజీలే. ఈ.కోలైలో ఆ కోడాన్‌ని చదివే టీఆర్ఎన్ఏ (అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే అణువు) చాలా తక్కువ. అది దొరికేదాకా ప్రొటీన్ కట్టే రైబోజోమ్ అక్కడే ఆగిపోతుంది. మరీ ఎక్కువసేపు ఆగితే టీఎంఆర్ఎన్ఏ అనే అణువు వచ్చి సగం తయారైన గొలుసుకి తోక తగిలిస్తుంది, ఆ తోక చూసి ప్రొటియేజులు (ప్రొటీన్లని నరికే ఎంజైములు) దాన్ని తినేస్తాయి. అలాంటి టీఆర్ఎన్ఏలు అదనంగా ఉన్న రోసెట్టా స్ట్రెయిన్‌కి మారండి. క్లోరాంఫెనికాల్ యాంటీబయాటిక్ 34 మైక్రోగ్రాములు/మి.లీ. మర్చిపోవద్దు, లేకపోతే అదనపు టీఆర్ఎన్ఏలున్న ప్లాస్మిడ్ జారిపోతుంది. ఐపీటీజీ 0.2కి తగ్గించండి, 18 డిగ్రీల్లో రాత్రంతా ఉంచండి.

పదకోశం:
ఒక్క మాట. మీరు సరిచూసింది జన్యు కోడ్‌ని కాదు, జన్యు క్రమాన్ని. కోడ్ అంటే 64 త్రికాల (కోడాన్ల) పట్టిక. 61 అమైనో ఆమ్లాలకి, 3 ఆగడానికి. 1961లో నీరెన్‌బర్గ్, మథాయ్ యూయూయూ అంటే ఫినైల్అలనిన్ అని తేల్చడంతో ఆ పట్టిక నిండటం మొదలైంది. ఆ తర్వాత నీరెన్‌బర్గ్, ఖొరానా బృందాలు మిగతా త్రికాలకి అర్థం తేల్చాయి.

ఆర్జినైన్:
పదకోశం గారూ, ల్యాబ్‌లో అందరూ కోడ్ అనే అంటారు. అర్థమైతే చాలదా?

పదకోశం:
చాలదండి. అనులేఖనం (డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ), అనువాదం (ఆర్ఎన్ఏ నుంచి ప్రొటీన్) అన్న మాటలు కూడా ఇలాగే కలిపేస్తారు. ఇక్కడ ఏ మెట్టులో ఆగిందో తెలియాలంటే ఆ తేడానే కీలకం.

కేంద్రకం:
ఇన్సర్ట్ (ప్లాస్మిడ్‌లో పెట్టిన జన్యువు ముక్క) పొడవెంత? పీసీఆర్‌లో దాన్ని నకలు తీయడానికి వాడిన టెంప్లేట్ (మూల డీఎన్ఏ) ఏమిటి?

బెంచ్‌మేట్:
1.4 కేబీ (1400 బేసులు). రక్తం నుంచి తీసిన డీఎన్ఏ. మొదలుపెట్టే ఏటీజీ దగ్గర్నుంచి ఆపే టీఏఏ దాకా పూర్తిగా ఉంది.

కేంద్రకం:
దొరికింది. బీటా గ్లోబిన్ కోడింగ్ భాగం స్టాప్‌తో కలిపి 444 బేసులే. మీ దాంట్లో రెండు ఇంట్రాన్లూ (ప్రొటీన్‌కి పనికిరాని మధ్య భాగాలు) అలాగే ఉన్నాయి, 130, 850 బేసులు. బ్యాక్టీరియాకి వాటిని కత్తిరించే స్ప్లైసింగ్ యంత్రాంగం లేదు. సీక్వెన్స్ పక్కన పెట్టుకుని చూడండి. మొదటి ఎక్సాన్ (ప్రొటీన్‌కి పనికొచ్చే భాగం) "సీటీజీ జీజీసీ ఏజీ" అని కోడాన్ మధ్యలో తెగుతుంది. రైబోజోమ్‌కి అక్కడ హద్దు కనపడదు. "ఏజీజీ టీటీజీ జీటీఏ టీసీఏ" అని ఇంట్రాన్‌లోకి చదువుకుంటూ పోయి, అదే ఫ్రేమ్‌లో (మూడేసి బేసుల వరసలో) ఎదురైన టీజీఏ అనే స్టాప్ దగ్గర ఆగుతుంది. వచ్చేది అరవై చిల్లర అమైనో ఆమ్లాల ముక్క, దాదాపు 7 కిలోడాల్టన్లు. మడత పడని అంత చిన్న ముక్కని ప్రొటియేజులు మిగల్చవు, మిగిలినా జెల్ అడుగున రంగు గీతతో (డై ఫ్రంట్) పాటు పోతుంది.

ఆర్జినైన్ గారు చెప్పింది తప్పు కాదు. కానీ దూరదూరంగా ఉన్న మూడు ఏజీజీలు దిగుబడి తగ్గిస్తాయేమో గానీ, బ్యాండ్‌ని మొత్తంగా మాయం చెయ్యవు.

ఆర్జినైన్:
టెంప్లేట్ ముందే చెప్పి ఉంటే ఇంత రాసేవాణ్ణి కాదు. ఎలాగూ మళ్లీ మొదలుపెడుతున్నారు కదా, 444 బేసులనీ ఈ.కోలైకి తగ్గ కోడాన్లతో సింథసైజ్ చేయించుకోండి. రెండు సమస్యలూ ఒకేసారి పోతాయి.

కేంద్రకం:
అది సులువే. సీడీఎన్ఏ (ఇంట్రాన్లు తీసేసిన ఎంఆర్ఎన్ఏకి డీఎన్ఏ నకలు) కావాలంటే తాజా రక్తం నుంచి ఆర్ఎన్ఏ తీసి, ఒలిగో డీటీ ప్రైమర్‌తో రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్ చెయ్యండి. రక్తంలోని రెటిక్యులోసైట్లలో (ఇంకా పూర్తిగా ఎదగని ఎర్ర రక్తకణాలు) గ్లోబిన్ ఎంఆర్ఎన్ఏ బోలెడు ఉంటుంది. ఇంకోటి, ఆల్ఫా గొలుసు, హీమ్ తోడు లేకుండా బీటా ఒక్కటే చేయిస్తే ఎక్కువ భాగం కరగకుండా ఇన్‌క్లూజన్ బాడీల్లోకి (ప్రొటీన్ ముద్దల్లోకి) పోతుంది. సూపర్‌నాటెంట్ (పైన తేలిన ద్రవం) మాత్రమే చూసి లేదనుకోకండి, పెల్లెట్‌ని (అడుగున చేరిన మడ్డిని) 8 మోలార్ యూరియాలో కరిగించి అది కూడా జెల్ మీద నడపండి.

పదకోశం:
ఆ 130 బేసుల ఇంట్రాన్‌లోనే అయిదో బేస్ జీ బదులు సీ అయితే మన కణాల్లోనే స్ప్లైసింగ్ దెబ్బతింటుంది. మన దేశంలో బీటా థలసీమియాకి (బీటా గ్లోబిన్ తక్కువగా తయారయ్యే రక్తహీనత జబ్బు) అన్నిటికంటే ఎక్కువగా కనిపించే మార్పు అదే.

లేన్5:
15 శాతం జెల్ అయినా పోయండి.

బెంచ్‌మేట్:
థాంక్సండి. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా చేసే రసాయనం) ట్యూబులో మూడు రోజులుగా ఫ్రిజ్‌లో ఉన్న రక్తం పనికొస్తుందా?