తెలంగాణ సాయుధ పోరాటం పిల్లలకు ఎట్ల చెప్పాలె?

మిర్యాలగూడ నాన్న:
మావోడు ఆరో క్లాసు. సెప్టెంబర్ 17కు బడిల మాట్లాడాలన్నరట, కూసోబెట్టి 1946 నుంచి 1951 దాక ఆంధ్ర మహాసభ (ఊర్లల్ల "సంఘం" అనేటోళ్లు), రజాకార్లు (నిజాం దిక్కు కొట్లాడిన ప్రైవేటు సైన్యం), ఆపరేషన్ పోలో (భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలకొచ్చుడు) అంత చెప్పిన, జల్దినే ఆవులింతలు షురూ. రజాకార్ల కాడ మాత్రం "వాళ్ల దగ్గర ఏం గన్నులుండె డాడీ" అని లేశి కూసున్నడు. అటు గన్నుల ముచ్చట కాకుండ ఇటు పాఠం లెక్క గాకుండ ఎట్ల చెప్పాలె?

సోషల్ సార్, సూర్యాపేట:
తారీకులు పక్కకు పెట్టి ముందుగాల నాగు లెక్క, అంటే దొర కాడ తెచ్చిన గింజల అప్పుకు వడ్డీ లెక్క, చేయించుండ్రి అన్నా. దొర కాడ ఒక బస్తా జొన్నలు తెస్తే పంటకు బస్తన్నర కట్టాలె, కట్టకపోతే ఆ బస్తన్నర మీద మళ్ల సగం. నాలుగు పంటలకు ఐదు బస్తాలు దాటుతది. పిల్లలే "ఇంక భూమి పోవుడే గద సార్" అంటరు. గప్పుడు పాలకుర్తి ఐలమ్మ పంట మీదికి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎందుకొచ్చిన్రో, సంఘపోళ్లు గుతుపలు (దుడ్డుకర్రలు) పట్టుకోని ఎందుకు అడ్డం నిలబడ్డరో వేరే చెప్పే పనుండదు. 1946 జులై 4న కడవెండిల సంఘం మనిషి దొడ్డి కొమురయ్య దొర మనుషుల తుపాకి దెబ్బకు పోయిన ముచ్చట దాని ఎనక చెప్పుండ్రి.

పాలమూరు అక్క:
గన్నులు అడుగుతుండు గద, వడిసెల (రాయి ఇసిరే తాడు) చూపియ్యి తమ్ముడు. నడిమిట్ల రాయి పట్టెటంత అల్లిక, రెండు దిక్కుల తాడు, ఒక కొస వేలికి తగిలిచ్చి రెండో కొస పట్టుకోని గిరగిర తిప్పి ఇడుసుడే. జొన్నచేన్ల పిట్టలు కొట్టేదే గది, తుపాకులోళ్ల మీదికి గూడ దాన్నే ఎత్తిన్రు. రాయి వద్దు, మట్టిగడ్డ పెట్టి ఖాళీ చెల్కల ఇసరమను, మొదట ఎనకకే పోతది. ఈ పోరాటంల దళంల తిరిగిన మల్లు స్వరాజ్యం ఇరవై నిండని పిల్ల, ఆమెను పట్టిస్తే 10 వేల రూపాయల ఇనాం అన్నరు, ఇది ఆడపిల్లలకు తప్పకుండ చెప్పాలె. మా దిక్కు 1947ల అప్పంపల్లి కాల్పులున్నయి, ఇక్కడోళ్లే మర్చిపోయిన్రు, ఇంకేం చెప్పాలె.

భువనగిరి భాయ్:
రజాకార్ల కాడ జర జాగ్రత్త అన్నా. మా బిడ్డను క్లాసుల ఒక పిలగాడు "మీవోళ్లే గద" అన్నడంట, ఇంటికొచ్చి ఏడ్శింది. ఇమ్రోజ్ పేపర్ నడిపిన షోయబుల్లా ఖాన్ ముస్లిమే, ఆయనను 1948 ఆగస్టుల రజాకార్లే చంపిన్రు. విసునూరు దొర హిందువు, ఆ దొర మీద భూమి కోసం కోర్టుకెక్కి ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ ముస్లిం. షోయబుల్లా, బందగీ ఈ ఇద్దరి ముచ్చట చెప్పుండ్రి, పిల్లలే అర్థం చేసుకుంటరు.

మిర్యాలగూడ నాన్న:
నాగు లెక్క పనిచేసింది సార్, "కట్టకుంటే ఏమైతది" అని రెండుసార్లు అడిగిండు. మరి రజాకార్లు ఊరి మీద పడ్డ బైరాన్‌పల్లి ముచ్చట చెప్పాల్నా వద్దా?

సోషల్ సార్, సూర్యాపేట:
ఊరోళ్లు బురుజెక్కి రజాకార్లను ఆపిన కాడికి చెప్పుండ్రి. తర్వాత ఏమైందని వాడే అడిగితే దాచకుండ్రి, చాన మందిని చంపిన్రు అనుండ్రి, వివరాలు తొమ్మిదో క్లాసుల చూస్కుందం.