సీఈఓ కుర్చీ దిగడం ఓటమేనా?

బోయినపల్లి బాటసారి:
కూరగాయలు ఇంటికి చేర్చే స్టార్టప్‌ను ముగ్గురం కలిసి ప్రారంభించాం. మూడేళ్ళు సీఈఓగా ఉండి, మొన్న ఉగాదికి ఆ పదవిని మిత్రునికి అప్పగించి కొనుగోళ్ళ బాధ్యత తీసుకున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి మార్కెట్లో టమాటా ట్రే అడుగుకు చెయ్యి పోనిచ్చి, పైన నిగనిగలాడే సరుకు కింద ఎంత నలిగిందో చూసి ధర తేల్చేటప్పుడు ఉన్న హుషారు, మధ్యాహ్నం పెట్టుబడిదారులకు లెక్కలు చెప్పేటప్పుడు ఒక్కనాడూ లేదు. నాకు తగిన పని ఇదేనని గ్రహించడానికి మూడేళ్ళు పట్టింది. బంధువులు మాత్రం ‘దిగిపోయాడు’ అంటున్నారు.

లెక్కల మాస్టారు:
బంధువులు సరిగ్గానే అన్నారు. 2005 దీపావళికి ఊరెళ్ళడానికి బస్సు టికెట్ దొరకని ఫణీంద్ర సామ గారు, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఉద్యోగం వదిలి 2006లో మిత్రులతో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ పెట్టారు. 2013లో ఐబిబో అనే సంస్థ దానిని కొనేవరకు తనకు హుషారుగా ఉందా లేదా అని కుర్చీ మార్చుకోలేదు.

బోయినపల్లి బాటసారి:
ఆ ఉదాహరణ నాకే అనుకూలం. వారు మొదట బస్సు యజమానులకు సాఫ్ట్‌వేర్ ఇవ్వబోతే ఆదరణ లేకపోయింది కనుకనే టికెట్లు అమ్మడానికి దిగారు. ఆయనే 2018లో తెలంగాణ ప్రభుత్వ ముఖ్య ఆవిష్కరణాధికారి అయ్యారు. తగిన పని వెదుక్కుంటూ మారడం తప్పెలా అవుతుంది?

లెక్కల మాస్టారు:
అక్కడ మారింది వ్యాపారం, మనిషి కాదు. రెండింటినీ కలిపి మాట్లాడకండి.

మదనపల్లె మనిషి:
ట్రే అడుగు సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. మా నాన్నగారు లోడు పంపిన రోజుల్లో ఇదే తగువు.

బోయినపల్లి బాటసారి:
మాస్టారూ, మీకు నా మీద కోపమా, ఇంకెవరి మీదనైనానా?

లెక్కల మాస్టారు:
అడిగారు కనుక చెబుతాను. నేను పనిచేసిన స్టార్టప్‌లో స్థాపకుడు తనను తాను తెలుసుకునే ప్రయత్నంలో రెండేళ్ళలో మూడుసార్లు బాధ్యతలు మార్చుకున్నాడు. మారిన ప్రతిసారీ ఒక బృందం రద్దయ్యేది. మూడోసారి మా వంతు వచ్చింది. అప్పటికి నాకు పదకొండో నెల. ఈసాప్ కింద, అంటే ఉద్యోగులకు ఇచ్చే వాటా కింద, మంజూరైన షేర్లలో ఒక్కటీ చేతికి రాలేదు.

చట్టం చదివినవాడు:
ఈసాప్ మంజూరుకూ హక్కు రావడానికీ మధ్య కనీసం ఏడాది ఉండాలన్నది నిబంధనే కదండీ. ఇందులో కంపెనీ తప్పేముంది?

లెక్కల మాస్టారు:
నిబంధన నాకు కంఠోపాఠం, నాయనా! అది కాదు నా బాధ. పాఠం నేర్చుకున్నది ఆయన, ఫీజు కట్టింది మేము. బాటసారి గారూ, కుర్చీ దిగిన హక్కు మీదే, కాదనను. దిగిన రోజున మీ కింద పనిచేసేవారు ఏమయ్యారో మొదటి టపాలో ఒక్క ముక్క కూడా లేదు.

బోయినపల్లి బాటసారి:
నివేదికల పని చూసే ఇద్దరిని కొత్త సీఈఓ అక్కర్లేదన్నాడు. నేను అడ్డు చెప్పలేదు.

లెక్కల మాస్టారు:
వారికి ఎన్నో నెల?

బోయినపల్లి బాటసారి:
ఒకరికి రెండేళ్ళు దాటాయి. రెండోవారికి పదో నెల.