నవల సగంలో ఆగిపోయింది, మీరెట్టా పూర్తి చేశారు?

కావలి పంతులమ్మ | రాత్రి 9:40
అందరికీ నమస్కారం. హైస్కూల్లో తెలుగు చెబుతాను. మూడేళ్ళ కిందట నవల మొదలుపెట్టాను. బకింగ్‌హామ్ కాలువ మీద పడవల్లో మద్రాసుకి సరుకు పోయిన రోజుల కథ. మా తాత పడవ నడిపేవాడు. 142 పేజీలు రాశాక ఉగాది నుంచి ఒక్క పేరా కూడా ముందుకు కదల్లేదు. సాయంత్రం వంట, పిల్లల హోంవర్కు, అత్తయ్య మందులు, స్కూలు వాట్సాప్ గ్రూపులు. పదిన్నరకి పెన్ను పట్టుకుంటే కళ్ళు మూతలు పడతాయి. మూడు ప్రశ్నలు: టైమ్ ఎట్టా మిగుల్చుకుంటారు? మధ్యలో కథ ఇరుక్కుంటే ఏం చేస్తారు? రాస్తున్నట్టు ఇంట్లో వాళ్ళకి చెప్పాలా వద్దా?

గుంట గట్టు | రాత్రి 10:05
అక్కా, మాకు ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే రొయ్యలు చచ్చి పంట మొత్తం తేలిపోతుంది, అందుకని రాత్రి రెండు నుంచి అయిదు దాకా షెడ్డులో మేలుకునే ఉంటాను. ఆ మూడు గంటల్లోనే నా మొదటి నవల పూర్తయింది. ఎక్కడో ఒకచోట మీరు ఎట్టాగూ మేలుకుని ఉండాల్సిన టైమ్ ఉంటుంది, అది వెతకండి. కరెంటు పోయిన రాత్రులు మాత్రం ఒక్క ముక్క రాయలేదు. జనరేటర్ దగ్గరే తెల్లారేది.

నవంబరు వీరుడు | రాత్రి 10:21
లెక్క పెట్టుకుంటేనే పని జరుగుతుంది. అమెరికాలో 1999లో మొదలైన నానోరైమో పద్ధతి చూడండి, నవంబరు 30 రోజుల్లో 50,000 పదాలు. రోజుకి 1,667. సంస్థని 2025లో మూసేశారు కానీ పద్ధతి ఎక్కడికీ పోలేదు. నేను గోడకి చార్టు కట్టి రోజూ పదాలు రాసుకుంటాను. రెండు నవలలు అట్టాగే పూర్తి చేశాను.

పదకొండు నవలలు | రాత్రి 10:48
ఆ లెక్క ఇంగ్లీషుకి చేసింది. తెలుగులో ‘వెళ్ళిపోయాడంట’ అనేది ఒక్క పదం. అదే సంగతి ఇంగ్లీషులో చెప్పాలంటే నాలుగైదు పదాలు పడతాయి. కాబట్టి తెలుగులో 50,000 పదాలంటే ఇంగ్లీషు 50,000 కంటే చాలా పెద్ద పుస్తకం. కొత్తవాళ్ళు అది పట్టుకుని పదో రోజుకి చతికిలపడతారు. నేను 11 నవలలు పూర్తి చేశాను, వాటిలో మూడు వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చాయి. గురువారానికి భాగం అందాలంటే అందాలి. మోటివేషన్ అనే మాటే నాకు పడదు. కుర్చీలో కూర్చోవడమే పని.

నవంబరు వీరుడు | రాత్రి 10:55
సార్, మీకు పత్రిక గడువు ఉంది. మాకెవరు పెడతారు గడువు? అందుకే పదాలు లెక్కపెట్టుకునేది. 50 వేలు ఎక్కువైతే 30 వేలు పెట్టుకోమనండి. అసలు లెక్కే వద్దంటే ఎట్టా?

పదకొండు నవలలు | రాత్రి 11:02
లెక్క వద్దనలేదు, పేజీలు లెక్కపెట్టమంటున్నాను. చేత్తో రాస్తే నాకు పేజీకి 150 నుంచి 180 పదాలు పడతాయి. రోజుకి రెండు పేజీలు రాసినా మూడు నెలల్లో నవల చేతిలో ఉంటుంది. పదాలు లెక్కపెట్టేవాడు సంధి విడగొట్టి, సమాసం పగలగొట్టి సంఖ్య పెంచుకుంటాడు. అట్టాంటి రాతప్రతులు ఎన్నో చదివాను.

నవంబరు వీరుడు | రాత్రి 11:06
నా రాతప్రతి చూడకుండా ఆ మాట అనకండి. రెండేళ్ళు నిద్ర చంపుకుని రాసింది నేను.

బ్యారన్ కాపలా | రాత్రి 11:15
ఇద్దరూ ఆగండన్నా. మాది కొండపి పక్కన. పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్‌లో ఆకు ఎక్కించాక అయిదారు రోజులు రాత్రీ పగలూ మంట చూడాలి. వేడి పెరిగినా తగ్గినా ఆకు రంగు పోతుంది, వేలంలో రేటు పోతుంది. థర్మామీటరు చూసుకుంటూ నోటు పుస్తకంలో కథ రాశాను. 210 పేజీలు. ఊళ్ళో డీటీపీ చేసే ఆయన దగ్గర టైప్ చేయించాను. ఆయన వాడింది యూనికోడ్ (ఏ ఫోన్లో, కంప్యూటర్లో తెరిచినా అక్షరాలు సరిగ్గా కనిపించే పద్ధతి) కాని పాత ఫాంటు. నవల పంపిన పోటీవాళ్ళు యూనికోడ్ అడిగారు, మార్చి చూస్తే ఒత్తులన్నీ చెల్లాచెదురు. ఆ ఫైలు చూసి నాలుగు నెలలు మళ్ళీ పెన్ను ముట్టలేదు. అక్కా, మొదటి పేజీ నుంచీ యూనికోడ్‌లోనే పెట్టుకోండి.

పెన్నా ఒడ్డు | రాత్రి 11:31
నెల్లూరులో పుట్టి మనమే ఇట్టా నీరసపడితే ఎట్టా? తిక్కన ఇక్కడే కూర్చుని భారతంలో విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు రాశాడు. నెల్లూరు రాజు మనుమసిద్ధి దగ్గర రాచకార్యాలు చక్కబెట్టుకుంటూనే రాశాడు. ఆయనకి లేని పనులా మనవి?

కావలి పంతులమ్మ | రాత్రి 11:44
అన్నయ్యా, ఈ మాటకి నాకు నిజంగా బాధ కలిగింది. తిక్కన పద్యం చెబుతుంటే గురునాథుడు రాసుకునేవాడని మనమే కదా చెప్పుకుంటాం. చెప్పింది రాసుకునే మనిషి ఆయనకి ఉన్నాడు. ఆ ఇంట్లో పొయ్యి ముందు ఎవరు కూర్చున్నారో ఏ పీఠికలోనూ ఉండదు. నేను తిక్కన పద్యాలు 19 ఏళ్ళుగా పిల్లలకి చెబుతున్నాను, ఆయన మీద నాకు గౌరవం లేక కాదు. కానీ సాయంత్రం ఆరు నుంచి పది దాకా నా చేతులు నావి కావు. ఆ సంగతి అర్థం చేసుకుని సలహా చెప్పండి.

నెల్లూరు కోడలు | రాత్రి 11:52
అక్కా, ఈ మాట ఎవరో ఒకరు అంటారని చూస్తున్నాను. మా ఇంట్లో నేను రాస్తున్నానని చెప్పిన రోజు నుంచి ‘ఖాళీగానే ఉన్నావుగా’ అని పనులు పెరిగాయి. అందుకే రెండో నవల ఎవరికీ చెప్పలేదు. చపాతీ పిండి కలుపుతూ ఫోన్‌లో వాయిస్ టైపింగ్‌తో చెప్పేస్తాను. నా గురునాథుడు ఆ ఫోనే. కామాలు, ఫుల్‌స్టాపులు ఆదివారం పెట్టుకుంటాను. మన యాస మాత్రం దానికి ఎక్కదు. ‘ఉండాది’ అంటే ఇంకేదో పడుతుంది, చేత్తో దిద్దాల్సిందే.

పెన్నా ఒడ్డు | రాత్రి 11:58
అమ్మా, తప్పుగా అన్నాను, క్షమించండి. ఉత్సాహం వస్తుందని చెప్పాను. ఒక్కటి మాత్రం తిక్కన దగ్గరే నేర్చుకోవచ్చు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. తిక్కన దాని జోలికి పోకుండా విరాటపర్వంతో ఎత్తుకున్నాడు. ఆ ఖాళీని తర్వాత ఎర్రన పూడ్చాడు. మీ కథ ఇరుక్కున్న చోటు అక్కడే వదిలి తర్వాతి అధ్యాయానికి పొండి.

అద్దంకి మనవడు | రాత్రి 12:04
ఎర్రన పేరు ఒక్క ముక్కలో తేల్చేశారే. అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థాన కవి ఆయన, మా ప్రకాశం వాడు.

పెన్నా ఒడ్డు | రాత్రి 12:09
ఆయన ఊరు గుడ్లూరు అంటారు. 2022లో కందుకూరుతో పాటు గుడ్లూరు కూడా నెల్లూరు జిల్లాలోకి వచ్చింది.

అద్దంకి మనవడు | రాత్రి 12:11
700 ఏళ్ళ కిందటి కవిని 2022 జీవోతో లాక్కుపోతారా? మా అద్దంకిని అదే ఏడు బాపట్లలో కలిపారు. ఆ బాధ మాకు ఇంకా తగ్గలేదు. గీతలు మార్చినంత మాత్రాన కవి మారడు.

బ్యారన్ కాపలా | రాత్రి 12:15
జిల్లాల గొడవ ఇంకో చర్చలో పెట్టుకోండన్నా. అక్క అడిగింది వేరే.

పదకొండు నవలలు | రాత్రి 12:26
అధ్యాయం దాటెయ్యడం నేను ఒప్పుకోను. సీరియల్‌కి అది కుదరదు, వరస తప్పితే పాఠకుడు పట్టేస్తాడు. అమ్మా, ఒకటి అడుగుతాను. ఉగాది నుంచి రాయలేదన్నారు. ఈ నెలల్లో కాలువ గురించి ఎన్ని పుస్తకాలు చదివారు?

కావలి పంతులమ్మ | రాత్రి 12:33
తొమ్మిది, సార్. లాకుల కొలతలు, పడవల బరువు, ఉప్పు రవాణా, అన్నీ నోట్సు రాశాను. రెండు పుస్తకాలు నిండాయి.

పదకొండు నవలలు | రాత్రి 12:37
అంటే మీకు టైమ్ దొరికింది. అది నోట్సుకి పోయింది. నాకూ నాలుగో నవలప్పుడు ఇదే జరిగింది, రైల్వే గేజీల గురించి ఏడాది చదివాను. భయం వేసినప్పుడు చదువు హాయిగా ఉంటుంది. ఆ నోట్సు బీరువాలో పెట్టి తాళం ఇంకొకరికి ఇవ్వండి. కొలత గుర్తు రాకపోతే చుక్కలు పెట్టి ముందుకు పొండి.

గుంట గట్టు | తెల్లవారుజామున 2:50
ఏరేటర్లు తిరుగుతున్నాయి. ఈ రాత్రి ఒకటిన్నర పేజీ అయింది. నవంబరు వీరుడన్నా, ఆ చార్టు ఫొటో పెట్టవా? షెడ్డులో కట్టుకుంటాను.

నవంబరు వీరుడు | ఉదయం 6:15
పెడతాను తమ్ముడూ. పేజీల గడి కూడా గీశాను ఇందులో.

కావలి పంతులమ్మ | ఉదయం 6:40
అయిదింటికి లేచాను, ఇంట్లో ఇంకా ఎవరూ లేవలేదు. ఇరుక్కున్నది మద్రాసు రేవు అధ్యాయం. అక్కడ తాత ఎవరితో గొడవపడ్డాడో నాకు ఇంతవరకూ తేలలేదు. దాన్ని వదిలేసి, తుపాను రాత్రి పడవని గట్టుకి కట్టే అధ్యాయం ఎత్తుకున్నాను. పేజీన్నర వచ్చింది. తాడు లావు తెలియక చుక్కలు పెట్టాను. నోట్సు పుస్తకాలు రెండూ స్కూల్లో నా అలమారులో పెట్టడానికి సంచిలో వేసుకున్నాను. కుక్కర్ కూత వేస్తోంది, ఉంటాను.